చివరి పేజీలో ఆయన నంబరు

కిందటి నెలలో రాయదుర్గం మెట్రో దగ్గర ఆటో ఎక్కాను. హ్యాండిల్ పక్కన బిగించిన ఫోన్‌లో ఒక పాటల ఆప్ తెరిచి ఉంది. నీలం అట్ట, మధ్యలో తెల్లని సితార బొమ్మ. చూడగానే గుర్తుపట్టాను. మన ప్రార్థన మందిరాల్లో పాడుకునే పాటలన్నీ నంబరు నొక్కితే వచ్చే ఆప్ అది. మా సంఘంలోని ఒక అన్నయ్య ఒంటరిగా తయారుచేసి ఉచితంగా వదిలారు. నాలుగేళ్లు దాన్ని పరీక్షించి తప్పులు పట్టింది నేనే.

డ్రైవరు అద్దంలో నా చూపు కనిపెట్టాడు.

"మీరు గూడ మందిరానికి పోతరా మేడం?"

"పోతానండి."

"ఈ ఆప్ చేసినాయన మస్తు మంచోడు. ఒక్కసారన్న మొకం చూడలే నేను. పాట వస్తలేదని ఫోన్ చేసిన. మాటల మాటల మా అమ్మకు చెయ్యి పడిపోయిందని చెప్పిన. అమ్మ పేరు అడిగి, ఫోన్లనే ప్రార్థన చేసిండు. మళ్ల వారం ఆయనే చేసిండు, 'ఎల్లమ్మక్క చెయ్యి లేస్తుందా తమ్మీ' అని. ఇప్పుడు ఎన్నిసార్లు చేసినా ఎత్తుతలేడు. నంబర్ మార్చిండేమో. మీకేమన్న ఎరుకనా?"

"తెలియదండి," అన్నాను.

ప్రభువు పట్టుబడ్డ రాత్రి చలిమంట దగ్గర నిలబడ్డ శిష్యుణ్ణి, ఆయన నీకు తెలుసు కదా అని ఒక పనిపిల్ల అడిగినప్పుడు, ఆ శిష్యుడు కూడా ఇంత తేలిగ్గానే అనేసి ఉంటాడు. అతనికి కూసి గుర్తుచేసిన కోడి నాకు కూయలేదు. ఖాజాగూడ సిగ్నల్ దగ్గర వెనక బండ్లు హారన్లు కొట్టాయి. ఆప్ చేసిన అన్నయ్య పోయిన వర్షాకాలంలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారని ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. అప్పటినుంచి నాకు కుదురు లేదు. వాక్యం చదువుతున్నా కళ్లే చదువుతున్నాయి.

ఆయనను తలచుకుంటే మెట్ల కిందే కనిపిస్తారు. మా మందిరం పుప్పాలగూడలో ఒక టైల్స్ దుకాణం పై అంతస్తు. ఆదివారం పైన ఆరాధన మొదలయ్యేసరికి కింద చెప్పుల వరుసల మధ్య ఆయన నిలబడి ఉండేవారు. ఒక చెవికి ఫోన్, ఇంకో చెవిలో వేలు. మనిషి గోడకు ఆనుకుని కొంచెం ముందుకు వంగేవారు, ఫోన్‌లో ఉన్నవాళ్లు పొట్టిగా ఉన్నట్టు. పైన పాట నడుస్తుంటే మడమతో నేల మీద తాళం వేసేవారు. ఆ మడమ ఎప్పుడూ తాళం తప్పలేదు. మాట ఆగినా, గొంతు మారినా, అవతల ఎవరో ఏడుస్తున్నా అది తన పని తాను చేసుకుపోయేది.

తెలుగు సంఘాలన్నీ దాదాపు ఒకే సమయానికి కూడుకుంటాయి. కాబట్టి ఆప్ మొరాయించేది కూడా అందరికీ ఒకే సమయానికి. ఆయన ఫోన్‌కు ఆదివారమే సంతరోజు.

"అన్నా, అది వస్తలేదు."

"ఏది వస్తలేదు అయ్యగారూ?"

"అదే. రావాల్సింది."

"సరే, ముందు పాడుండ్రి. తర్వాత చెప్పుండ్రి."

ఇది ఆయన పద్ధతి. ఫోన్ చేసినవాళ్ల చేత ముందు పాట మొదటి చరణం పాడించేవారు. ఏ పాట తెరుచుకోవడం లేదో అలా తెలిసిపోతుందనేవారు. "ఇంకోటి గూడ తెలుస్తది చెల్లె. మనిషి పరేషాన్ల ఉంటే శ్రుతి చెప్తది. అప్పుడు ఆప్ సంగతి జర ఆగి చూడాలె."

ఫోన్ ఆపేసి మళ్లీ వేయమనడానికి ఆయనకు వేరే మాట ఉండేది. "ఒకసారి చంపి లేపుండ్రి అయ్యగారూ. చచ్చి లేచుడు మనకు కొత్తనా ఏంది?" అవతల పెద్ద నవ్వు వినిపించేది. ఆ నవ్వయ్యేలోపు ఫోన్ లేచేది.

ఒకసారి నేను పక్కనే ఉన్నాను. ఎక్కడో పరిగి వైపు పల్లె నుంచి ఒక పాస్టరు అయ్యగారు. ఆయన గొంతు నాకూ వినిపిస్తోంది.

"అన్నా, ఈడ మట్టి కార్యక్రమం నడుస్తుంది! రెండొందల పద్నాలుగు నొక్కితే పెండ్లి పాట వస్తుంది! జనం నా మొకం చూస్తున్నరు!"

"మీ చేతిల ఉన్న పుస్తకం పాత అచ్చు అయ్యగారూ. పన్నెండు తగ్గించి నొక్కుండ్రి. జల్ది!"

పాట మొదలయ్యేదాకా అన్నయ్య లైన్ పెట్టేయలేదు. మొదలయ్యాక కూడా పెట్టేయలేదు. ఆ సమాధి దగ్గర వాళ్లు పాడుతుంటే ఇక్కడ చెప్పుల మధ్య తల వంచుకుని నిలబడ్డారు. ఆ వారమే కూర్చుని పాత అచ్చు నంబర్లన్నీ కూడా ఆప్‌లోకి ఎక్కించారు. నేను నా తప్పుల జాబితాలో 'వాడుకరి పొరపాటు' అని రాస్తే కొట్టేయించారు. "తప్పు వాళ్లది అని రాయకు చెల్లె. వాళ్ల చేతిల ఏ పుస్తకం ఉందో అడగని నాది."

మా ఆఫీసులో ఇలాంటి పనికి ఒక అంతస్తు మొత్తం ఉంది. షిఫ్టులు ఉన్నాయి. అడిగిన ప్రతివాడికీ ముందు ఒక టికెట్ నంబరు, తర్వాత ఒక క్షమాపణ, ఆ తర్వాత ఎప్పుడో జవాబు దొరుకుతాయి. ఎవరి బాధా ఎవరి ఇంటికీ వెళ్లకుండా కట్టిన ఏర్పాటు అది. ఆయనకు ఆ అంతస్తు లేదు. ఆప్ రాయడానికి ఆయనకు పట్టింది ఒక వేసవి. జవాబు చెప్పడానికి మిగిలిన ఆయుష్షంతా పట్టింది.

అంతా ఒక్క వరుస వల్ల జరిగింది. మన కరపత్రం ఏదైనా, గోడ క్యాలెండర్ ఏదైనా తీసి చూడండి. అట్టడుగున ఒకే మాట ఉంటుంది: ప్రార్థన అవసరతల కొరకు సంప్రదించండి. ఆ పక్కన ఒక ఫోన్ నంబరు. చిన్నప్పటినుంచి వాటి మధ్య పెరిగిన చెయ్యి ఆయనది. ఆప్ చివరి పేజీలో 'ఆప్‌లో సమస్యలకు' అని రాసి, ఆగలేక, 'ప్రార్థన అవసరతల కొరకు' అని కూడా రాసేసి తన సొంత నంబరు పెట్టారు. విడుదలకు ముందు ఆ పేజీని నేను అక్షరం అక్షరం పరీక్షించాను. అక్షరదోషం లేదని టిక్కు పెట్టాను. అంతకు మించి నాకేమీ కనిపించలేదు. ప్రార్థన చివర ఆమేన్‌ను ఎవరైనా తప్పు పడతారా?

మొదటి వారమే అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఒకామె చేసింది. సరిచేయడం ఎలాగో చెప్పారు. సరే అంది. పెట్టేయలేదు.

"అన్నా, కింద ప్రార్థన అని గూడ రాసిండ్రు గదా..."

"రాసిన అమ్మా. చెప్పు."

ఆ 'చెప్పు' అనడంతో తలుపు తీసినట్టయింది. ఆయన ఫోన్‌లో మనుషుల పేర్లు ఉండేవి కావు. 'నర్సాపూర్ చిన్న అక్షరాలు', 'జహీరాబాద్ మోకాళ్లు', 'ఖమ్మం బిడ్డ సంబంధం' అని ఉండేవి. ఆయన కూడా నాలాగే ఐటీ ఉద్యోగి, నానక్‌రామ్‌గూడలో. ఆఫీసులో ఫోన్ వస్తే మెట్లదారిలోకి వెళ్లేవారట. "అన్ని బిల్డింగుల మెట్లు నాకు ఎరుకే," అని నవ్వేవారు. మేనేజరు ఒకసారి పిలిచి మాట్లాడాడని ఆయన భార్య, మా వదిన చెప్పింది. ఆయన చెప్పలేదు.

ఆయన ఒకప్పుడు మా సంఘంలో పాటలు నడిపించేవారు. పెద్ద గొంతు. మైకు అవసరం ఉండేది కాదు. ఫోన్లు మొదలయ్యాక పాట మధ్యలో దిగి వెళ్లడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు పెద్దలు ఆ పని ఇంకొకరికి ఇచ్చారు. నాకు ప్రాణం విలవిల్లాడింది మాత్రం ప్రభువు బల్ల దగ్గర. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం వరుసల వెంట వచ్చేవేళకు మూడో వరుసలో ఆయన కుర్చీ మీద ఆయన పరిశుద్ధ గ్రంథం మాత్రమే ఉండేది. పళ్లెం ఆ కుర్చీ ముందు ఒక్క క్షణం ఆగి ముందుకు వెళ్లేది. బల్ల మీద తెల్లగుడ్డ కప్పేశాక ఆయన పైకి వచ్చేవారు. కళ్లు దించుకుని ఆ గుడ్డ వైపు చూసి కూర్చునేవారు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, ఏడాదికి దగ్గరైంది.

ఒకరోజు వదిన నన్ను పక్కకు పిలిచింది.

"చెల్లె, అన్నం ముందర కూసుంటే పప్పు సల్లారుతది, ఫోన్ వేడైతది. నాకు తలనొప్పి లేస్తుందని ఆయనకు చెప్పాల్నంటె నేను గూడ ఆ నంబరుకే చెయ్యాలేమో! నువ్వు చెప్తే వింటడు. ఆ వరుస తీసెయ్యమని చెప్పరాదు?"

నేను చెప్పాను. చెప్పడమేంటి, వాదించాను. ఇద్దరం ఆదివార బడిలో పెరిగినవాళ్లమే. మెట్ల మీద కూర్చుని వాక్యంతో కొట్టుకున్నాం.

"అన్నయ్యా, ఇంటికి ప్రభువు వస్తే అక్క వంటింట్లో తిరిగింది, చెల్లెలు ఆయన పాదాల దగ్గర కూర్చుంది. ఎవరిది మంచిదన్నారు?"

"చెల్లెదే. కాని దారిల దెబ్బలు తిని పడ్డోన్ని చూసి పక్కకెళ్లి పోయిన యాజకుడున్నడు గదా. ఆయన గూడ యాడికి పోతుండె? గుడికేనేమో!"

"మీ ఫోన్ చేసేవాళ్లు దెబ్బలు తిని పడలేదు. అక్షరాలు చిన్నగా ఉన్నాయంటున్నారు."

"మొదలు గట్లనే అంటరు."

"మీరు ప్రభువు బల్లలో పాలుపంచుకుని ఎన్నాళ్లయింది?"

ఆయన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు నేను గెలిచాను. గెలిచానని నాకు తెలిసింది కూడా.

తర్వాతి శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. లాప్‌టాప్ నా వైపు తిప్పారు. "నువ్వే తియ్యి. నా చెయ్యి రాదు." లేచి వంటింట్లోకి వెళ్లి కుండలోని నీళ్లు ముంచుకుని తాగుతూ నిలబడ్డారు. నేను ఆ వరుసనూ నంబరునూ తీసేసి, ఒక ఈమెయిల్ పెట్టి, కొత్త వెర్షన్ పంపించాను.

"అయ్యిందా?"

"అయింది."

"ఒక్క వరుసనే గదా," అన్నారు. ఇంకో గ్లాసు ముంచుకున్నారు.

ఫోన్లు ఒక్కసారిగా ఆగలేదు. కొత్త వెర్షన్ వేసుకున్నవాళ్ల దగ్గర నంబరు పోయింది. వేసుకోని పాత ఫోన్లలో అలాగే ఉంది. అయినా వారం వారం తగ్గుతూ వచ్చాయి. ఈమెయిల్‌కు పెద్దగా ఎవరూ రాయలేదు. అదొక మేలని నేను అనుకున్నాను. సమస్యలు లేవనే కదా అర్థం!

మొదటి ఆదివారం వచ్చింది. ఆయన మూడో వరుసలో కూర్చున్నారు. ఫోన్ వదిన సంచిలో ఉంది. పాట ఎత్తుకోగానే ఆ పాత గొంతు లేచింది. ముందు వరుసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. స్త్రీల వైపు వదిన కొంగుతో మొహం కప్పుకుంది. పళ్లెం వచ్చింది. రొట్టె తీసుకున్నారు. గిన్నె వచ్చింది. తాగారు. నేను ప్రభువుకు స్తోత్రం చెప్పాను. తప్పిపోయిన గొర్రెను నేనే భుజాన వేసుకుని తెచ్చినంత సంబరం నాకు. ఆ సంబరంలో ఎంత ప్రభువుదో ఎంత నాదో అప్పుడు వేరుచేసి చూసుకోలేదు.

కాని ఆయన మడమ తాళం వేయలేదు. అది అప్పుడే చూశాను.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురం మెట్ల కింద చెప్పులు వెతుక్కుంటున్నాం. ఆయన మామూలుగానే అన్నారు:

"చెల్లె, ఆ వరుస మళ్ల పెట్టు."

వదిన చెయ్యి చెప్పు మీద ఆగిపోయింది.

"ఎందుకన్నయ్యా? ఇప్పుడు హాయిగా ఉంది కదా!"

"మంచిగనే ఉంది. పాట గూడ మంచిగనే పాడుతున్నరు అందరు. కాని ఎవరు ఏం మోసుకొచ్చి పాడుతున్నరో నాకు ఎరుకైతలేదు. కింద నిలబడ్డప్పుడు ఎరుకయ్యేది."

"పెడితే ఎత్తాలి. మళ్లీ మీరు బల్లకు దూరమవుతారు."

"అందుకే అడుగుతున్న. ఒక ఆదివారం నేను ఎత్తుత, ఒక ఆదివారం నువ్వు ఎత్తు. ఇద్దరి నంబర్లు పెడదాం. ఎత్తేటోళ్లు ఉంటేనే పెట్టు, లేకుంటే వద్దు. పెట్టి ఎత్తకుంటే అది అబద్ధమైతది."

వదిన నా వైపు చూసింది. వరుస తీసేయమని నన్ను బతిమాలిన మనిషే ఆమె. అయినా ఆ చూపులో వద్దని లేదు. ఆమె భర్త బరువు దింపమనలేదు, సగం పట్టుకోమన్నాడు. అది ఆమెకు అర్థమైంది. నాకూ అర్థమైంది.

"వచ్చే వెర్షన్‌లో చూద్దాం అన్నయ్యా," అన్నాను.

మా ఉద్యోగాల్లో ఆ మాటకు అర్థం ఏమిటో ఆయనకు తెలుసు. మేమిద్దరం రోజూ ఆఫీసుల్లో ఆ మాటే అంటాం. కాదని చెప్పే ధైర్యం లేనప్పుడు అంటాం.

తర్వాత రెండుసార్లు నవ్వుతూ అడిగారు. "ఏం చెల్లె, వచ్చే వెర్షన్ వచ్చిందా?" రెండుసార్లూ నవ్వేశాను. నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. ఆదివార బడిలో పిల్లలకు నేనే చెప్తాను. ఆరాధన మధ్యలో లేచి వెళ్లడం క్రమం కాదు. ఆడమనిషి నంబరు అందరికీ కనపడేలా పెట్టకూడదు. అన్నీ నిజాలే. ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు భయం. 'చెప్పు' అన్నాక వాళ్లు చెప్తారు. విన్నాక నేను ఏం చేయాలి?

మూడోసారి ఆయన అడగలేదు. ఆషాఢం వానల్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, గుండె పట్టుకున్నారు. దవాఖానకు చేరేసరికే అయిపోయింది. సమాధి దగ్గర మేం పాడాం. ఎవరో పాట నంబరు చెప్పారు. అందరం ఫోన్లు తెరిచాం. ఆప్ ఒక్కరి దగ్గరా మొరాయించలేదు.

ఆటో దిగిన రోజునుంచి ఎల్లమ్మక్క అనే పేరు నా నాలుక మీదే ఉంది. ఆమె చెయ్యి లేచిందో లేదో డ్రైవర్ని అడగనైనా అడగలేదు. ఆగలేక మా అయ్యగారికి అంతా చెప్పాను, లేదా అంతా చెప్పాననుకున్నాను. డ్రైవరు సంగతి, పాత ఫోన్లలో మిగిలిన నంబరు సంగతి, తీసేసిన వరుస సంగతి చెప్పాను. ఒక ఆదివారం నువ్వు ఎత్తు అని ఆయన నన్ను అడిగిన సంగతి చెప్పలేదు.

కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు అందరినీ ఆగమన్నారు. విషయం చెప్పారు. "ఆ సహోదరుడు ఒంటరిగా మోసిన పరిచర్య ఇది. ఇప్పుడు సంఘంగా మనం మోద్దాం. ఆ మాట మళ్లీ ఆప్‌లో పెడదాం."

"ఆమేన్!" అన్నారు అందరూ.

"చూసిండ్రా, దేవుడు ఆటోలనుంచి గూడ మాట్లాడుతడు," అన్నాడు ఒక పెద్దాయన. జనం సంతోషంగా తలలూపారు.

"మరి ఎవరి నంబరు పెడదాం?" అన్నారు అయ్యగారు.

కొందరు వంగి సంచులు సర్దుకున్నారు.

"యూత్‌కు ఇయ్యండి. వాళ్లకు ఫోన్లు బాగ ఎరుక," అన్నాడు ఆ పెద్దాయనే.

"ఆదివారం మాకు సంగీతం ఉంటది అంకుల్. గిటార్ ఎవరు వాయిస్తరు? మీరే తీసుకోరాదు? రిటైరైండ్రు గదా."

"నాకు ఒక చెవు సరిగ్గ వినపడది నాయనా."

"వినపడే చెవుకు పెట్టుకోండి అంకుల్!"

నవ్వులు లేచాయి. అవి త్వరగానే అణగిపోయాయి. ఒకామె తన కోడలి పేరు చెప్పబోయి, కోడలి మొహం చూసి మానుకుంది. వదిన రెండో వరుసలో కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, సంచి మీద రెండు చేతులు. నాలుగేళ్లుగా ఆ ఆప్ లోపల ఏముందో తెలిసిన మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నేనని అందరికీ తెలుసు. ఎవరూ నా పేరు ఎత్తలేదు. వాళ్లు నన్ను కాపాడుతున్నారు. నేను తప్పించుకుంటున్నాను.

"సరే, ప్రార్థన చేద్దాం," అన్నారు అయ్యగారు. "ఎవరిని ఏర్పరచుకున్నాడో ప్రభువే చూపిస్తాడు."

అందరం తలలు వంచాం. గది మొత్తం ఒక్కసారిగా తేలికపడింది. అయ్యగారు అన్నయ్య నమ్మకత్వం గురించి, కోత విస్తారంగా ఉండడం గురించి, పనివాళ్లు తక్కువ కావడం గురించి ప్రార్థిస్తున్నారు. అడుగడుగునా స్తోత్రాలు లేస్తున్నాయి. నేను ఎందుకో కళ్లు తెరిచాను.

తల వంచని మనిషి ఒక్కతే ఉంది. వదిన వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. కోపం లేదు. అడగడం కూడా లేదు. తెలిసిన మనిషి తెలిసిన మనిషిని చూస్తున్నట్టు చూస్తోంది.

నేను గబుక్కున కళ్లు మూసుకుని, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

ప్రార్థన ఇంకా అయిపోలేదు.